కుట్టుమిషనుకు నూనె వేసిన దెయ్యం

మా అక్కయ్యకి చూపు తగ్గిందని నాకు చెప్పింది డాక్టరు కాదు, ఒక దెయ్యం. అది కూడా పొద్దున్నే లేచి కుట్టుమిషనుకు నూనె వేసే దెయ్యం.

అక్కయ్య అంటే నా తోడబుట్టింది కాదు, తోటికోడలు. మా ఆయనకి వదిన. కింది వాటా వాళ్లది, పై వాటా మాది. పనికి కూడా ఇద్దరం ఒకే చోటికి వెళ్తాం. స్టేషనరీ దుకాణం మేడమీద బడిపిల్లల యూనిఫారాలు కుట్టే గది ఉంది, అక్కడికి. ఇంట్లోనూ దారిలోనూ పనిలోనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఇన్నేళ్లు జుట్లు పట్టుకోకుండా ఉన్నామంటే అందులో నా గొప్పేం లేదు. నాకు నోటి దురుసు ఎక్కువ, ఆవిడకి ఓపిక ఎక్కువ. లెక్క అక్కడికక్కడికి సరిపోయింది.

ఆ గదిలో పొద్దున పూట మిషన్ల మోతలో పక్కవాళ్ల మాట కూడా వినబడదు. అందుకే చేతిపనంతా మధ్యాహ్నానికి ఉంచుకుంటాం. భోజనాలయ్యాక మిషన్లు ఆపేసి, కిటికీ కింద చాప పరుచుకుని, బొత్తాలు, హుక్కులు, అంచులు ముందేసుకుని కూర్చుంటాం. అప్పుడు అక్కయ్య నవల పైకి చదువుతుంది. ఆవిడ వంతు బొత్తాలు మేం తలా కాసిని పంచుకుంటాం. ఇది మా గది ఆచారం.

ఈ ఆచారం రావడానికి కారణం కూడా మా నోళ్లే. వెనకటికి చేతిపని వేళ అంటే కబుర్లు, కబుర్లలోంచి వాదులాట. ఒకసారి ఏదో మాట మీద మాట పెరిగి, ఆ కోపంలో నేనూ, కాజాలు కుట్టే ఆవిడా కలిసి ఒక కట్ట చొక్కాలకి లోపలి వైపున బొత్తాలు కుట్టేశాం. మాస్టారు, అంటే బట్ట కత్తిరించే ఆయన, ఆ గదికి యజమాని కూడా, తల పట్టుకుని కూర్చున్నారు. అక్కయ్య సంచీలోంచి అద్దె పుస్తకం ఒకటి తీసి, "నోళ్లు మూసుకుంటామంటే ఇది చదువుతా. హత్య ఉంది" అంది. మూసుకున్నాం. "ఇది కుట్టుగదా, గ్రంథాలయమా?" అని మాస్టారు మొదట సణిగారు. తర్వాత హంతకుడు దొరికే రోజున ఆ ధ్యాసలో పడి ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించారు. అప్పట్నుంచి ఆయన నోరు కూడా మూతపడింది.

ఆవిడకి నచ్చేవి రెండే రకాలు. ఒకటి హత్యలు, పరిశోధనలు. రెండోది దెయ్యాలతోనో, మనుషులు కాని మరెవరితోనో ప్రేమలు. పుస్తకం అయిపోగానే అట్ట మూసి, దాని మీద చెయ్యి పెట్టి తీర్పు చెప్పేది. అందుకే మా గదిలో ఆవిడ పేరు జడ్జమ్మ. తీర్పు కూడా కుట్టుపని భాషలోనే ఉండేది, కొలత వేసి చూసినట్టు.

లిఫ్టులో శవం దొరికిన నవల ఒకటి చదివింది. "భుజాలు చక్కగా కూర్చున్నాయి" అంది, అంటే మొదలు బాగుందని. "నడుం దగ్గర మరీ వదులు. ఆ ఇన్‌స్పెక్టరు కాఫీ తాగడం తప్ప చేసిందేం లేదు. చివరికొచ్చేసరికి గుడ్డ చాల్లేదు. ఎక్కడా కనబడని కవల తమ్ముణ్ణి పట్టుకొచ్చి అతికించాడు. నాకు ముందు పరిచయం చెయ్యని మనిషిని హంతకుడంటే నేనొప్పుకోను."

"మరి ముందే చూపిస్తే మనకి తెలిసిపోతుంది కదండీ" అంది మాలో కొత్తగా చేరిన అమ్మాయి. పెళ్లయి ఏడాది తిరగలేదు కాబట్టి మేం ఆ పిల్లని కొత్త పెళ్లికూతురనే పిలుస్తాం.

"చూపించాలి, తెలియకూడదు. లోపలి కుట్టు ఉండదా? ఉంటుంది, కనబడదు. అలాగ."

పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒక ముసలావిడ నేరాలు పట్టుకునే నవల మాత్రం ఆవిడకి ప్రాణం. అందులో ఎవరూ ఆ ముసలావిణ్ణి పట్టించుకోరు కాబట్టి అన్నీ ఆవిడ ముందే మాట్లాడేసుకుంటారు. "ఈ రచయిత్రి ఎప్పుడో ఎవరింట్లోనో ఓ మూల కూర్చుని బట్టలు కుట్టి ఉంటుంది. లేకపోతే ఈ సంగతి తెలియదు" అని తేల్చేసింది. ఆ పుస్తకాన్ని తిరిగివ్వడానికి ఎంత బాధపడిందో నేను చూశాను.

దెయ్యం ప్రేమల మీద ఆవిడ ఇంకా కఠినం. రక్తం తాగేవాణ్ణి ప్రేమించిన అమ్మాయి కథ అయిపోయాక, "పగలంతా పడుకుంటాడు. రాత్రంతా తిరుగుతాడు. ఇంట్లో తిండి తినడు. అడిగితే కోపం. ఇలాంటి మొగుళ్లు మామూలు మనుషుల్లోనే బోలెడుమంది ఉన్నారు, దానికింత పుస్తకం ఎందుకు?" అంది.

కొత్త పెళ్లికూతురు ఉసూరుమంది. "కళ్లు నీలంగా ఉన్నాయి కదండీ."

"నీలం కళ్లేసుకుని బట్టలు ఉతుకుతాడా?"

వెన్నెల్లో తోడేలుగా మారేవాడి కథకైతే మాస్టారు కత్తెర పక్కన పెట్టి మరీ నవ్వారు. "మారిన ప్రతిసారీ చొక్కా చిరుగుతోందిగా? మళ్లీ మనిషయ్యేసరికి ఒంటి మీద నలగని చొక్కా. ఎవరు కుట్టారు? కుట్టిన మనిషి పేరు ఒక్క పేజీలోనైనా ఉందా?" అని అక్కయ్య నిలదీసింది, ఆ రచయిత ఎదురుగా ఉన్నట్టు. దెయ్యం ప్రేమకి ఆవిడ పరీక్ష ఒక్కటే. కిటికీ తెరలు ఊపడం, దీపం ఆర్పడం ప్రేమ కాదు. ప్రేమించిన మనిషికి ఆ దెయ్యం ఏం పని చేసిపెట్టిందో చెప్పాలి.

ఇలా ఉండగా ఈ మధ్య ఒక నవల మొదలుపెట్టింది. వయొలిన్ నేర్పే ఒకమ్మాయి పాత ఇల్లు అద్దెకి తీసుకుంటుంది. ఆ ఇంట్లో దిగులు మొహం దెయ్యం ఒకడు. మొదట్లో మామూలుగానే సాగింది, తెరలు ఊగాయి, దీపాలు ఆరాయి. కొన్నాళ్లకి దెయ్యం బాగుపడటం మొదలెట్టాడు. ఆ అమ్మాయి ఒక కుట్టుమిషను కొంటుంది. అది కీచుమంటుంటే తెల్లారేసరికి ఎవరో నూనె వేసి, ఇరుక్కున్న దారప్పోగులు లాగేసి, బాబిన్ నిండా దారం చుట్టిపెట్టి ఉంటారు.

కాజాలావిడ సూది ఆపేసింది. "మగాడంటే వాడమ్మా" అంది. ఆ మర్నాడు మాస్టారు ఎవరూ అడగకుండానే నూనె డబ్బా పట్టుకుని మిషన్లన్నిటి దగ్గరికీ తిరిగారు.

నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. కథలో ఆ సాయంత్రం దెయ్యం ఆ అమ్మాయితో అంటాడు కదా, "నూనె వేశాక ముందు పాత గుడ్డముక్క మీద నాలుగు కుట్లు వేసి చూడు, లేకపోతే కొత్త గుడ్డ మీద మరక పడుతుంది" అని. నేను పనిలో చేరిన రోజున అక్కయ్య నాతో అన్న మాటే అది, అక్షరం పొల్లుపోకుండా. పైగా ఆవిడ చాలాసేపటికి గానీ పేజీ తిప్పడం లేదు. గుర్తొచ్చినప్పుడు మాత్రం గబగబా రెండు మూడు తిప్పేస్తోంది. సూదిలో దారం ఎక్కించమని కొన్నాళ్లుగా నాకే ఇస్తోంది, "నువ్వు చిన్నదానివి, నీ కళ్లెందుకున్నాయి?" అంటూ. దాన్ని నేను పెత్తనం అనుకుని మూతి ముడుచుకున్నాను.

ఆదివారం పొద్దున ఆవిడ స్నానానికి వెళ్లగానే సంచీలోంచి ఆ పుస్తకం తీసుకుని పైకొచ్చాను. నాకు పుస్తకం పట్టుకుంటే నిద్రొస్తుంది. ఆ రోజు రాలేదు. వెతికి వెతికి చూశాను, ఎక్కడా మిషను లేదు, నూనె లేదు, బాబిన్ లేదు. దెయ్యం మొదటినుంచీ చివరిదాకా వయొలిన్ వాయిస్తూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ మా అందరి చెవుల్లో పువ్వులు పెట్టిందా అని విసవిసా మెట్లు దిగాను, నాలుగు దులిపేద్దామని.

అక్కయ్య గుమ్మంలో వెలుతురుకి కూర్చుని బావగారి చొక్కాకి బొత్తాం కుడుతోంది. బొత్తాం కన్నం కోసం బొటనవేలితో తడుముకుంటోంది. సూది పొడుచుకుంది, వేలు నోట్లో పెట్టుకుంది, మళ్లీ తడుముకుంది. నేను ఎదురుగా నిలబడి ఉన్నా తల ఎత్తి, "ఎవరూ?" అంది.

 పుస్తకం చెంగు కింద పెట్టుకుని, నేనేనని చెప్పి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాను.

దాచడానికి కారణం నాకు తెలుసు. వాళ్ల అమ్మకి ఎన్నో ఏళ్ల కిందట కంటికి ఆపరేషన్ చేశారు, అది వికటించింది. ఆ తర్వాత ఆ తల్లి బతికినన్నాళ్లూ గోడకి ఆనుకుని కూర్చుని, వచ్చిపోయేవాళ్లని అడుగుల చప్పుడు బట్టి గుర్తుపట్టేదట. కంటి డాక్టరు మాటెత్తితే చాలు అక్కయ్య లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. బావగారు చెప్పి చూశారు, పిల్లలు చెప్పి చూశారు. ఇక నేను నా ధోరణిలో దెబ్బలాడితే వినేది అసలే కాదు. ఇలాగే వదిలేస్తే ఆవిడకి ముందు కుట్టుపని పోతుంది, ఆ తర్వాత పుస్తకం పోతుంది. పుస్తకం లేని మా అక్కయ్యని తలుచుకుంటే నాకు భయం వేసింది.

సోమవారం భోజనాలయ్యాయి. చాప పరిచారు. ఆవిడ సంచీలో చెయ్యి పెట్టేలోగా నేను పుస్తకం తెరిచాను. "ఇవాళ నేను చదువుతా."

"నీకు పుస్తకం పడదుగా?" అంది.

"ఇవాళ పడింది."

ఏదో ఒక పేజీ తీసి, దాని వైపు చూస్తూ మొదలుపెట్టాను. ఆ అమ్మాయి సూదిలో దారం ఎక్కించబోయింది, ఎక్కలేదు. కిటికీ దగ్గరికి వెళ్లింది, అక్కడా ఎక్కలేదు. దెయ్యం వచ్చి పక్కన కూర్చున్నాడు. 'నీకోసం మిషనుకు నూనె వేస్తాను. బాబిన్ చుట్టిపెడతాను. సూదికి దారం కూడా ఎక్కిస్తాను. కానీ నీ బదులు నేను చూడలేను కదా. ఆస్పత్రికి పద' అన్నాడు. ఆ అమ్మాయి ఏడ్చింది. 'మా అమ్మని అలాగే తీసుకెళ్లారు. చీకట్లోకి పంపించేశారు' అంది.

గదిలో సూదులు ఆగిపోయాయి. అక్కయ్య మొహం నేను చూడలేదు, చూస్తే చదవలేనని తెలుసు.

"ఆ పేజీ పుస్తకంలో లేదు" అంది మెల్లిగా.

"మొన్న నువ్వు చదివింది ఉందా?"

ఆవిడ చాప అంచు వేళ్లతో మడిచింది, విప్పింది. నేను తొందరపడ్డానేమో, ఇందరి ముందు బయటపెట్టానేమో అనిపించింది. అప్పుడు ఆవిడ, "దెయ్యం ఏమన్నాడు మరి? దానికి?" అంది.

నేను అంతవరకు ఆలోచించుకుని రాలేదు. నోటికొచ్చింది చెప్పాను. "ఇప్పటి డాక్టర్లు వేరు అన్నాడు. భయం వేస్తే వెయ్యనీ అన్నాడు. లోపలికి నన్ను రానివ్వరు, కానీ గుమ్మం బయటే కూర్చుంటాను, నువ్వు బయటికొచ్చేదాకా మంచినీళ్లకి కూడా లేవను అన్నాడు."

కొత్త పెళ్లికూతురు ముక్కు చీదింది. మాస్టారు అటు తిరిగి కత్తెర తుడుచుకున్నారు. అప్పటిదాకా నోరు తెరుచుకుని చూస్తున్న కాజాలావిడకి అప్పుడు వెలిగింది. "అయితే... ఆ దెయ్యం నిజంగా మిషనుకి నూనె వెయ్యడా?"

"వెయ్యడండీ. వయొలిన్ వాయిస్తాడు, అంతే" అన్నాను.

"ఛీ! వాడి బతుక్కి!" అంది. ఆవిడ బాధ ఆవిడది. ముందు నవ్వింది అక్కయ్యే, కళ్లు తుడుచుకుంటూ. "గురువారం పనికి రాకండి ఇద్దరూ. నేను ఆటో మాట్లాడి పంపిస్తాను" అన్నారు మాస్టారు.

గురువారం వెళ్లాం. కంట్లో శుక్లం పొర బాగా ముదిరింది, ఇంకా ఆలస్యం చేసి ఉంటే కష్టమయ్యేదన్నారు, ఆ రోజే ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్ గదిలోకి వెళ్లేముందు ఆవిడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజుల గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. నేను గుమ్మం బయట బెంచీ మీద కూర్చున్నాను. మంచినీళ్లకి కూడా లేవలేదు. మాటంటే మాటే.

మర్నాడు కట్టు విప్పారు. ఆవిడ కళ్లు ఆర్పుతూ ఎదురుగా గోడకేసి చూసింది. పెదాలు కదిలాయి. "నిశ్శబ్దం పాటించండి" అని చదివింది, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. "నీకే చెబుతున్నారు" అంది నాతో. నర్సు నవ్వింది. నేను ఏడుస్తున్నాను. అప్పుడు నా వైపు తిరిగి, నా మొహం పట్టుకుని దగ్గరికి లాక్కుని చూసింది. "ఏమే, నీ జుట్టు ఎప్పుడు నెరిసింది? నాకెవరూ చెప్పలేదే?"

నాకు తెలిసిన దేవుళ్లందరికీ, తెలియని ఆ డాక్టరుకీ, ఆటో మాట్లాడిన మాస్టారుకీ, చివరికి వయొలిన్ వాయించే ఆ పనికిమాలిన దెయ్యానికీ కూడా అక్కడే నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

కొన్నాళ్ల పాటు చదవొద్దన్నారు, కంటికి శ్రమ ఇవ్వొద్దన్నారు. నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఆవిడ చేసే గొడవ భరించలేక ఆ ఆదివారం మధ్యాహ్నం, "నేను చదివిపెడతా, ఏం కావాలి?" అన్నాను. అద్దె పుస్తకాల్లో బాగా నచ్చినవి కొన్ని ఆ షాపాయన్ని బతిమాలి ఆవిడ సొంతం చేసుకుంటుంది, అవి గూట్లో ఉంటాయి. నేను ఒకటొకటిగా తీస్తుంటే అట్ట ఊడిపోయిన లావుపాటిది ఒకటి చేతికొచ్చింది. గుర్తుపట్టాను.

అది నా బిడ్డ పురిట్లోనే పోయిన ఏడాది చదివిన పుస్తకం. నేను మళ్లీ పనికి వెళ్లిన రోజున గదిలో ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. అక్కయ్య కూడా ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. చాప మీద కూర్చుని ఈ పుస్తకం తెరిచింది. చనిపోయిన తల్లి దెయ్యమై తన పసివాణ్ణి కాపలా కాస్తుంటుంది, ఆ ఇంటికొచ్చిన మరో అమ్మాయికి ఆ సంగతి తెలుస్తుంది, అదీ కథ. ఆ పసివాడు పెరిగాడు, నడిచాడు, బడికి వెళ్లాడు. రోజూ చొక్కా బొత్తాం ఒకటి తెంపుకొచ్చేవాడు. ఆ ఏడాదంతా నేను కుట్టిన ప్రతి బొత్తామూ వాడి చొక్కాకే కుట్టాను. నేనా సంగతి ఎవరికీ చెప్పలేదు. తెల్లారి లేచి పనికి వెళ్లడానికి నాకు వాడొక్కడే కారణంగా ఉన్న రోజులున్నాయి.

"ఇదిగో, బొత్తాల పిల్లాడి కథ" అన్నాను.

అక్కయ్య తల ఎత్తింది. "అది వద్దు. వేరేది తియ్యి."

"ఎందుకు? బాగుంటుందిగా?"

"అంచు బాగుండదే. వద్దంటే వద్దు."

వద్దంటే నేను చేసే మొదటి పని అదే కదా. మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాను. ఆవిడ దుప్పటి మోకాళ్ల మీదకి లాక్కుని కూర్చుంది. కొంత చదివాను, కొంత దాటేశాను, అసలు కథ దగ్గరికొచ్చాను. పసివాడికి జ్వరం వచ్చింది. పేజీ తిప్పాను.

అచ్చులో ఆ పసివాడు ఆ పేజీలోనే చనిపోయాడు.

తర్వాతి పేజీ చూశాను. ఆ తర్వాతిది చూశాను. వాడు ఇంకెక్కడా లేడు. బడి లేదు. చొక్కా లేదు. ఒక్క బొత్తాం కూడా లేదు. పుస్తకంలో సగం పైగా వాడు లేకుండానే ఉంది. ఆ సగమూ అక్కయ్య ఎదురుగా తెరిచి పెట్టుకుని, ప్రతి మధ్యాహ్నమూ, వాణ్ణి బతికించి పెంచింది. అప్పుడు ఆవిడ కళ్లకి ఏ పొరా లేదు. ప్రతి అక్షరమూ కనబడుతూనే ఉంది.

ఆపేశానని ఆవిడకి తెలిసింది. నల్లద్దాలు నా వైపే ఉన్నాయి. 

కళ్లు తుడుచుకుని, పేజీ వైపు చూస్తూ నేను చదివాను. తెల్లారేసరికి పిల్లాడికి జ్వరం జారింది. లేచి ఆకలన్నాడు. నాలుగో రోజున బడికి బయల్దేరాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చొక్కాకి పై బొత్తాం లేదు.

"ఎక్కడ పారేసుకున్నాడటే?" అంది అక్కయ్య. 

"చెప్పడం లేదు వెధవ. రేపు చెబుతాడట."

"సరే, చదువు."

చదువుతూ ఉన్నాను. పొద్దు వాలేదాకా పేజీ తిప్పడం గుర్తే రాలేదు.